ఎండ కాసిన రోజు పలకని సెట్

లద్దాఖ్‌లో మా పోస్టుకు చేరిన రోజు మంచు మోకాళ్ల దాకా ఉంది. మూడు బంకర్లు, ఒక కిరోసిన్ స్టవ్, నా పాత రేడియో సెట్. నేను సిగ్నల్‌మన్‌ని, మాది కోరుట్ల. శాటిలైట్ ఫోన్ అడిగితే వస్తుందన్నారు. రాలేదు.

మా పోస్టు గన్నర్‌ది సిరిసిల్ల. పోస్టులో తెలుగువాళ్లం మేమిద్దరమే.

మే నెలలో అతని ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అది ఎత్తు తెచ్చే జబ్బు, కిందికి దించడమే మందు. బయట మంచు తుఫాను. మోసుకుని దిగితే దారిలో అందరం పోతాం. ఎండ కాయగానే కింద ఉన్న బేస్‌ను పిలిస్తే హెలికాప్టర్ లేస్తుంది. పోస్టు పెద్ద సుబేదార్ ఆర్డర్ అదే.

"అన్నా, పొద్దు పొడిసిందా?" రాత్రంతా గన్నర్ అదే అడిగాడు.

"పొడుస్తది రా. గీ ఒక్క రాత్రి ఓర్సుకో."

తెల్లారింది. ఆకాశం కడిగినట్టుంది. బేస్‌ను పిలిచాను. జవాబు లేదు. ఫ్రీక్వెన్సీ మార్చాను, బ్యాటరీ మార్చాను, యాంటెన్నా మీది మంచు దులిపాను.

"సెట్ పలుకుతలేదు రా."

"పొద్దు మంచిగనే ఉన్నది గదన్నా!"

మధ్యాహ్నానికి సెట్ పలికింది. అప్పటికి మబ్బు దిగింది. హెలికాప్టర్ సగం దారిలో వెనుదిరిగింది. సాయంత్రం గన్నర్ పోయాడు.

సెట్ మూగబోయిన కారణం తర్వాత చెప్పారు. సూర్యుడి లోపల ప్లాస్మా, అంటే మరిగే వాయువు, నడుమ వేగంగా, ధ్రువాల వైపు నెమ్మదిగా తిరుగుతుందట. ఆ తేడాకు అయస్కాంత రేఖలు మగ్గం మీద నూలులా చిక్కుపడతాయి. సుమారు పదకొండేళ్లకోసారి ఆ చిక్కు ముదిరి మంటలు ఎగసిపడతాయి, ఎండ ఉన్న వైపు రేడియోలు మూగబోతాయి. ఆ వారం ముప్పుందని బేస్‌కు ముందే తెలుసు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే మా పిలుపు కోసం ఆగకుండా తెల్లారగానే రమ్మని రాత్రే అడిగేవాళ్లం.

సర్వీసు ముగించుకుని వచ్చాక సిరిసిల్ల వెళ్లాను. గన్నర్ తండ్రి మరమగ్గం ఆపి గడపలోకి వచ్చాడు.

"ఏమాయె కొడుకా? హెలికాప్టర్ ఎందుకు రాలే?"

"పొద్దుతోనే గట్లయింది, బాపూ."

మా దగ్గర పొద్దంటే సూర్యుడు, వేళ కూడా. ఆయనకు రెండోదే వినిపించింది.

"పొద్దాయెనా? ఎవలు ఆలిస్యం చేసిండ్రు? నువ్వేనా?"

ప్లాస్మా గురించి ఆ ముసలాయనకు ఏమని చెప్పను? తల దించుకున్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎండల నిలబడకు. లోపలికి రా."

కొడుకు నా వల్లే పోయాడనుకుంటూనే నన్ను నీడకు తీసుకెళ్లాడు. నూలు పోగులంటిన ఆ చెయ్యి నా కళ్ల ముందు నుంచి పోదు.