పార్కింగులో ఇస్మత్ మేడమ్ రిహార్సల్

దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌లోని సెలూన్లో నా గడ్డం సగం గీసి ఉండగా ఆవిడ చనిపోవడం మొదలుపెట్టింది. గోడమీది టీవీలో నలుపు తెలుపు ఈజిప్టు సినిమా. మంచం పక్కన ఏడుస్తున్న హీరో, మంచం మీంచి కాస్త బొంగురుగా ఆ గొంతు. అలీ భాయ్ కత్తి నా చెంప మీదే ఉంచి, టీవీ వైపు తిరిగి కళ్ళు తడి చేసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. చెంప తెగింది. తప్పు నాదే. ఆ చావు సంగతి ఆవిడే నాకు చెప్పింది. దుప్పటి కింద స్టూడియో పిల్లి దూరిందట. అది కదలకుండా దాని తోక పట్టుకుని ఈవిడ ప్రాణం విడిచిందట.

ఇస్మత్ మేడమ్ కైరోలో ఒక దర్జీ కూతురు. కుట్టిన గౌను స్టూడియోలో ఇచ్చి రావడానికి వెళ్తే, అది వేసుకోవాల్సిన అమ్మాయి రాలేదు. గౌను ఈవిడకు సరిపోయింది. "నా ప్రతిభ నడుము కొలతతో మొదలైంది" అనేది. హీరోయిన్ అయింది, తర్వాత హీరో తల్లి, ఆ తర్వాత నాయనమ్మ. భర్త పోయాక దోహాలో ఇంజనీరుగా ఉన్న కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆ కొడుకే మా సారు, అల్ ముంతజాలోని ఆ ఇంటికి నేను డ్రైవర్ని. రాజోలు నుంచి వచ్చిన కొత్తలో నా అరబ్బీ అంతా యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు, అంతే. మిగతా లోటు జోకులతో పూడ్చేవాణ్ణి. సాయంత్రాలు అల్ వక్రా చేపల రేవుకు తీసుకెళ్తే, ఈజిప్టు వాచ్‌మన్లు గుర్తుపట్టి గుండెమీద చెయ్యేసుకునేవారు. ఆవిడ వాళ్ళ పిల్లల చదువులు అడిగేది తప్ప సినిమా మాట ఎత్తనిచ్చేది కాదు. అంత పేరును అంత తేలిగ్గా మోసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఒకరోజు ఆవిడ వెనకసీట్లో ఉండగా సూపర్‌మార్కెట్ పార్కింగులో కొత్త కారును స్తంభానికి గుద్దాను. తలుపు లోపలికి పోయింది. ఇక్కడ ట్రాఫిక్ పోలీసు కాగితం లేనిదే ఏ గ్యారేజీవాడూ సొట్టను ముట్టుకోడు. అంటే ఏ కథ అల్లినా సారుకూ పోలీసుకూ ఒకటే చెప్పాలి. నాకు ముందున్న డ్రైవరు ఒంటె అడ్డొచ్చిందని చెప్పాడు, నగరం నడిబొడ్డున. వారంలో కడప చేరాడు. నేను రాజోలు చేరితే మా చెల్లెలి నర్సింగు చదువు మధ్యలో ఆగిపోతుంది. అందుకని ఆవిణ్ణే బతిమాలాను. ఎవడో గుద్ది పారిపోయాడని మీరు చెప్పండి, మీకు నటించడం కొత్తా అన్నాను.

"నటిస్తే, టిక్కెట్టు కొన్నవాడికి అది నటనని తెలుసు జాన్. నా కొడుకు టిక్కెట్టు కొనలేదు."

సరే, నిజమే చెబుదామని చేతులు జోడించి, గొంతు వణికించి, చెల్లెల్నీ చర్చినీ దేవుణ్ణీ కలిపి క్షమాపణ మొదలుపెట్టాను. మళ్ళీ చెప్పమంది. ఈసారి జోకు కలిపాను. మళ్ళీ అంది. ట్రాలీలు తోసుకెళ్ళేవాళ్ళు ఆగి చూస్తుండగా ఏడుసార్లు చెప్పించింది. చివరికి మూడు ముక్కలు మిగిలాయి.

"ఇప్పుడు బాగుంది. చెప్పాక నోరు మూసుకో. ఆ తర్వాతి నిశ్శబ్దం నీది కాదు, వాడిది."

ఇంటికెళ్ళి సారు ముందు నిలబడ్డాను. "స్తంభం ఉంది సార్. నేను చూసుకోలేదు. గుద్దాను." ఆయన తలుపును చూశారు, నన్ను చూశారు, గుమ్మంలో ఉన్న తల్లిని చూశారు. అంత పొడుగు సినిమా నేను జన్మలో చూడలేదు.

"యల్లా, వెళ్ళి పోలీసు కాగితం తీసుకురా" అన్నారు. తాళాలు అడగలేదు.

మెచ్చుకుంటుందేమోనని ఆవిడ వైపు చూశాను. రెండో ముక్క గొణిగావని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

కిందటి చలికాలంలో ఓ మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. చావులో అంత ప్రాక్టీసు ఉన్న మనిషి, పక్కగదిలో మనవరాలి హోంవర్కు కూడా ఆపకుండా వెళ్ళిపోయింది.

మొన్న నాకు వీడియో కాల్లో పెళ్ళిచూపులు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసరని చెప్పరా అని మా పిన్ని ముందురోజే ఫోన్ చేసి నేర్పింది. అమ్మాయి తండ్రి ఉద్యోగం అడిగారు. ఇంటి డ్రైవర్నండి అన్నాను. అవతల వాళ్ళ ఫ్యాను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అమ్మాయి మొదటిసారి తలెత్తి ఫోన్లోకి చూసింది. నా నోట్లో మంచి జోకు ఒకటి సిద్ధంగా ఉంది. మింగేశాను.