సంచి పట్టని మాస్టారు

మాస్టారు చచ్చినా సంచి పట్టరు. ఏదైనా ఒక్కొక్కటిగా చేతిలోనే మోస్తారు, ఒకటి ఇచ్చాక ఇంకోటి పట్టుకుపోకుండా కదలరు. కిలో ఉల్లిపాయలకు తొమ్మిదిసార్లు బజారుకు తిరుగుతున్నారని వాళ్ళావిడ ల్యాబ్‌కు ఫోన్ చేసి మరీ తిట్టేది. ల్యాబ్‌లోనూ అంతే. మూడు ట్యూబులు పక్కగదికి చేరాలంటే మూడు ప్రయాణాలు. వచ్చేటప్పుడు ఎవరి పెన్నో ఆయన వెంట వచ్చేసేది. ఆరేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న పరిశోధకురాలివి నాలుగు కత్తెరలు పోయాయి.

"ట్రేలో పెట్టుకుని ఒకేసారి తీసుకెళ్ళొచ్చుగా మాస్టారూ?"

"కణం ట్రే పట్టుకుంటుందా అమ్మాయ్?"

అదీ ఆయన పిచ్చి. మన ఒంట్లో ప్రతి కణంలోనూ బోలెడు గదులుంటాయి. సరుకు ఒక గది నుంచి ఇంకో గదికి చిన్న చిన్న పొరల సంచుల్లో పోతుంది. ఈ రంగంలో పెద్దలందరూ ఆ సంచుల వెంట పడ్డారు. మాస్టారు మాత్రం ఒక కూలీ ప్రోటీన్‌ని పట్టుకున్నారు. అది సంచి జోలికి పోదు. ఒక్కొక్క కొవ్వు అణువునే పొట్టలో దాచుకుని పక్క గది గోడకు అందిస్తుంది. వచ్చేటప్పుడు అక్కణ్ణుంచి ఇంకో రకం కొవ్వు తెచ్చుకుంటుంది.

"ఆ కూలీ మానేస్తే గోడలో కొవ్వు పాళ్ళు తప్పుతాయి. గోడ పాడైతే ఇంక సంచి ఎక్కణ్ణుంచి పుడుతుంది?" అని బల్ల గుద్దేవారు.

ఆ ప్రోటీన్ తీసేసిన కణాల్లో సంచులు పుట్టక సరుకంతా లోపలే పేరుకుపోతుందని ఆమె మూడేళ్ళు చచ్చీచెడీ చూపించింది. ఏం లాభం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సమీక్షకు వచ్చిన సంచుల పెద్దలు "ఒక కూలీ కోసం ఇన్నేళ్ళా?" అని నవ్వి లేచిపోయారు. ఆమె ఉద్యోగం శుక్రవారంతో సరి.

ఆ వారమంతా మాస్టారు ఒక్కొక్క కాగితం పట్టుకుని పై అంతస్తులో డైరెక్టర్ గదికి తిరుగుతూనే ఉన్నారు. రిటైరయ్యాక ఇంకో రెండేళ్ళ పొడిగింపు కోసమని అందరూ అన్నారు. ఆమెకు కడుపు మండింది.

"మీ కుర్చీ కోసమైతే ఎన్ని మెట్లయినా ఎక్కుతారు. నా కోసం ఒక్కసారి ఎక్కారా మాస్టారూ?" అని మొహం మీదే అడిగేసింది.

ఆయన ఆమె బల్ల మీద పెన్సిల్ ఒకటి పెట్టి, స్టేప్లర్ పట్టుకుపోయారు.

శుక్రవారం ఆమె తన సామానంతా సంచిలో కుక్కుతుంటే డైరెక్టర్ గుమాస్తా రిజిస్టర్‌తో దిగివచ్చాడు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. అబ్బబ్బ, మీ మాస్టారు పదిహేడుసార్లొచ్చారు! మా సారు ప్రాణం విసిగిపోయింది."

"పొడిగింపు ఇచ్చేశారన్నమాట."

"అది నెల కిందటే ఇచ్చారమ్మా. మీ మాస్టారే ఆ కాగితం వెనక్కి తెచ్చి సారు బల్ల మీద పెట్టేశారు. బదులుగా నీ కాగితం ఇస్తేగానీ కదలనన్నారు. దాన్ని నన్ను తేనివ్వలేదు కూడా. ఆయనే పట్టుకొస్తున్నారు."

వెనకే మాస్టారు వచ్చి ఆమె చేతిలో ఉత్తర్వు పెట్టారు. రెండేళ్ళ ఉద్యోగం. ఆమెకు మొన్నటి మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

"మాస్టారూ, నేను ఆ రోజు..."

"అదంతా తరవాత. నేను ఉత్తచేతులతో పోలేను. ఏదో ఒకటి ఇయ్యి."

ఆమె సామానంతా బల్ల మీద గుమ్మరించి, ఖాళీ సంచి ఆయనకిచ్చింది. ఆయన దాన్ని పామును చూసినట్టు చూశారు. చివరికి భుజానికి తగిలించుకుని తన గది ఖాళీ చేయడానికి వెళ్ళారు. ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసిన మనిషిని సాగనంపడానికి ఆ భవనంలో ఒక్కడూ లేచి రాలేదు. వాళ్ళ మొహాలు మండ!

పోనీ, ఇప్పటికైనా ఆయనకు సంచి అలవాటైందనుకుంది ఆమె. అరగంటకు మాస్టారు చెమటలు కక్కుకుంటూ మళ్ళీ వచ్చారు. భుజాన సంచి అలాగే ఉంది.

"కప్పు ఇంటికి చేర్చాను. ఇంక సాసరుంది," అన్నారు. "ఇంటి నుంచి మాత్రం ఉత్తచేతులతో ఎలా వస్తాను?" అంటూ సంచిలోంచి ఆమె మొదటి కత్తెర తీసి బల్ల మీద పెట్టారు.

ఇంకా మూడు రావాలి.