మాట అయ్యేదాకా ఆగని పరీక్ష

ఆ సారును తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. తొంభైల చివర్లో నల్లగొండలో ఆయన నడిపే కంప్యూటర్ సెంటర్‌లో నేను పాఠాలు చెప్పేదాన్ని. ఫ్లోరైడ్ నీళ్ల గురించి మర్రిగూడ ఊరివాళ్లకు చెప్పే కొలువుకు ఒక ఆడమనిషిని ఎంపిక చేసే పరీక్ష మా సెంటర్‌కు వచ్చింది. చదువు తక్కువైన వాళ్లు కూడా రాయాలని, ప్రశ్నలు గొంతుతో వినిపించే ప్రోగ్రాం నాతో రాయించాడు. గొంతు ఆయనదే. విని ఒకటో రెండో మూడో నొక్కాలి. ప్రశ్న మొదలైన ఇరవై సెకన్లకు తర్వాతిది వచ్చేలా గడువు పెట్టింది మాత్రం నేనే.

మర్రిగూడ నుంచి నలభై ఏళ్ల ఒకామె వచ్చింది. ఆ నీళ్లతో నడుము వంగిపోయిన అత్తను సాకుతున్న మనిషి. ఆ నీళ్ల సంగతి ఆమెకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఆమెకు సున్నా వచ్చింది.

"అన్నీ వదిలేసింది. బుర్రల ఏమన్న ఉంటే గద," అన్నాడు సారు, ఆమె గుమ్మం దాటకముందే.

బయట బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. "ఒక్కటన్న నొక్కకపోతివేంది అక్కా?"

"సారు మాట్లాడుతాండు గద చెల్లె. పెద్దమనిషి మాట్లాడంగ నడుమ జొర్రుతమా? ఆయన మాట ఒడిసినంక నొక్కుదామంటె గా ప్రశ్న ఎల్లిపోతాంది."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ పాత కంప్యూటర్‌లో గొంతు ఆలస్యంగా మొదలై, మధ్యమధ్య ఆగేది. ప్రశ్న పూర్తయ్యేసరికి గడువూ తీరిపోయేది. పరీక్షకు వచ్చిన నల్లగొండ పిల్లలు సగం ప్రశ్నకే ఊహించి టక్కున నొక్కి మార్కులు కొట్టేశారు. మర్యాద తెలిసినందుకు ఈమెకు సున్నా వచ్చింది.

పుస్తకాలు తిరగేశాను. మాట గానీ పాట గానీ అయిపోగానే విండోస్ ఒక సందేశం పంపుతుంది. నేను ప్రోగ్రాం రాసిన విజువల్ బేసిక్ భాష దాన్ని మనదాకా రానివ్వదు. దారిలో హుక్ అనే చిన్న కోడ్ తగిలించి మనమే పట్టుకోవాలి. మొదట వచ్చిన ప్రతి సందేశాన్నీ ఆపేసుకున్నాను, కంప్యూటర్ బిగుసుకుపోయింది. కావలసింది పట్టుకుని, మిగతావాటిని వాటి దారిన పంపిస్తే పని అయింది. గొంతు ఆగాకే గడువు మొదలైంది. అయిపోయిందని యంత్రమే కబురు పెడుతుంటే, నేను గడియారాన్ని నమ్ముకున్నాను.

ఆమెను పిలిపించి వేరే ప్రశ్నలతో కూర్చోబెట్టాను. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. ఆ కాగితం పట్టుకుని సారు గదికి పోయాను.

"తప్పు మనది సార్. అందరికీ మళ్ల పరీక్ష పెట్టాలె."

"ఎంపికైనోళ్ల లిస్టు పైకి పోయిందమ్మా. ఇప్పుడు తప్పంటే సెంటర్ పరువేం గావాలె?"

"మరి ఆమె పరువు?"

"ప్రోగ్రాం మంచిగ చేసినవ్. వచ్చేసారి పనికొస్తది."

ఆ వచ్చేసారి రానేలేదు. కొలువు నల్లగొండ అమ్మాయికి పోయింది. కొన్నాళ్లకు బస్టాండులో మర్రిగూడ అక్క కనిపిస్తే, కొత్తగా వచ్చిన పిల్ల ఎలా చెబుతోందని అడిగాను.

"మంచిగనే చెప్తది చెల్లె. గీ నీళ్లు తాగొద్దంటది. గొంతు ఎండితె ఇంటికాడికెల్లి తెచ్చుకున్న సీసల నీళ్లు తాగుతది. మరి మేమేం తాగాలె బిడ్డా అని మా అత్త అడిగింది. గా పిల్ల సీస మూత పెట్టుకొని బస్సుకు పోయింది."