ఆయన్ని పిలిచే మాట

మొన్న ముసురు పట్టినప్పుడు పక్కింటి అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి, "అత్తా, మీ అటక మీద పరదా పట్టా ఉందిగా, ఒకసారి ఇయ్యి, తీసిన పత్తి తడిసిపోతంది" అంది. మా మాచర్ల వైపు పత్తి తీతలప్పుడు వాన వచ్చిందంటే వీధిలో ఉన్న పట్టాలన్నీ చేతులు మారతాయి. ఇవ్వనంటే మాట వస్తుంది. నిచ్చెన వేసుకుని దించి ఇచ్చాను. పది నిమిషాలకు మళ్ళీ వచ్చింది. "ఏందత్తా, ఇది మూడు మూలలే ఉంది? నాలుగో మూల ఎలక కొట్టిందా?" అని అడిగింది. "ఎలక కాదే, నేనే కత్తిరించా. అది తెరచాప" అన్నాను. ఆ పిల్ల నన్నోసారి, చేతిలో పట్టానోసారి చూసి, "మన పల్నాట్లో తెరచాపేందత్తా!" అని నవ్వుకుంటూ, అడ్డంగానో నిలువుగానో కప్పుకుంటానని తీసుకుపోయింది. నేను వరండాలో కూర్చుని వాన చూస్తూ, ఆ పట్టా కట్టుకుని మా ఆయనా నేనూ సాగర్ నీళ్ళ మీద తిరిగిన మూడేళ్ళ కిందటి కార్తీకం సంగతంతా మొదటినుంచీ తలుచుకున్నాను.

మా ఆయన సాగర్ డ్యాము పక్కనున్న విజయపురి సౌత్‌లో లాంచీ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ముప్ఫయ్యేళ్ళు ఆ ఇంజన్ల పక్కనే నిలబడి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. అన్నేళ్ళు నీళ్ళ మీద ఉద్యోగం చేసిన మనిషికి ఈత రాదంటే ఎవరూ నమ్మరు. "ఇంజను మునిగితే గదా నేను మునిగేది" అనేవాడు. నేను ఎలిమెంటరీ బడిలో పంతులమ్మను. మా ఇళ్ళల్లో మొగుడి పేరు నోటితో అనడం లేదు. బడి రిజిస్టరులో, రేషను కార్డులో, చర్చి పుస్తకంలో ఆయన పేరు ఎన్నోసార్లు రాశాను గానీ ఒక్కసారి కూడా పలకలేదు. ఒకసారి జనాభా లెక్కల వాళ్ళు వచ్చి భర్త పేరేంటమ్మా అంటే పలక మీద రాసి చూపించాను. పంతులమ్మకు నత్తి కాబోలనుకుని ఆ కుర్ర ఉద్యోగి చాలా జాలిపడ్డాడు. పెళ్ళయిన కొత్తల్లో "ఇదుగో" అని పిలిచేదాన్ని. తర్వాత మా అమ్మాయి పుట్టింది. దానికి పేరు పెట్టిన రోజు నుంచీ ఆయన్ని ఆ పేరుతోనే, ఫలానా నాన్నా అని పిలవడం అలవాటయింది. ఇరవై మూడేళ్ళు అదే పిలుపు. దొడ్లోంచి, వీధిలోంచి, బస్టాండులో అంతమంది మధ్యలోంచి పిలిచినా ఆయన ఒక్క "ఆఁ" తో పలికేవాడు.

బీఎడ్ చదువుతుండగా అమ్మాయికి జ్వరం వచ్చింది. అయిదు రోజులుంది. ఆరో రోజు అమ్మాయి లేదు. అంతకంటే రాయలేను. నాకు ఏడుపు రాలేదు. గొప్పకు చెప్పడం లేదు, నిజంగానే రాలేదు. చుట్టాలు నా మొహం చూసి చూసి, ఎలాగైనా ఏడిపించాలని నన్ను పట్టుకుని తామే పెద్దగా ఏడ్చేవాళ్ళు. నేను లేచి వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చేదాన్ని. నెల తిరక్కముందే బడికి పోయి ఎక్కాలు చెప్పాను. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. ఆయనా అంతే, పెట్టింది తినేవాడు. దాని పేరు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకూడదని మేం అనుకున్నదేమీ లేదు, అట్లా అయిపోయింది.

అసలు చిక్కు తర్వాత తెలిసింది. ఇంట్లో ఉన్నది ఇద్దరం, రోజుకు పదిసార్లయినా ఆయన్ని పిలవాలి. పిలవడానికి నా దగ్గర మాట లేదు. మళ్ళీ "ఇదుగో" అందామంటే ఈ వయసులో పెళ్ళి చీర కట్టుకున్నట్టు సిగ్గుగా ఉండేది. "ఏమయ్యా" అంటే కూరగాయలవాణ్ణి ఆపినట్టుండేది. అందుకని అన్నానికి కంచం టంగుమనిపించేదాన్ని. టీకి గ్లాసు. మరీ దూరంగా ఉంటే వంటింట్లోంచి వరండాలోకి మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని. ఆయన ఫోను చూసుకుని, జేబులో పెట్టుకుని, లేచి వచ్చేవాడు. ఎందుకిట్టా అని ఒక్కనాడూ అడగలేదు. ఆయనకేం, నన్ను పిలవడానికి "ఏమే" ఉంది. పెళ్ళినాటి నుంచీ ఉన్నదే, ఎవరు పోయినా దానికి ఏమీ కాదు. ఆ "ఏమే" చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండేది. అమ్మాయి పోయాక పద్నాలుగు నెలలపాటు ఆ మంట తప్ప నాకింకేదీ తెలిసిరాలేదు.

రిటైరయిన ఏడాది వానలు వెనకబట్టాక ఆయనకు బుద్ధి పుట్టింది. సాగర్ నీళ్ళల్లో చేపలు పట్టుకునేవాళ్ళలో చాలామంది ఎప్పుడో విశాఖ వైపు నుంచి వలస వచ్చినవాళ్ళు. వాళ్ళను అడిగి ఒక పాత చెక్క పడవ తెచ్చాడు. "ఇంజను పెట్టనే. ముప్ఫయ్యేళ్ళు ఆ మోత విన్నా, ఇంక చాలు. గాలికి పోదాం, మూడు రోజులు. నువ్వూ రా" అన్నాడు. వద్దని వాదించే ఓపిక లేక సరే అన్నాను. మిరపకాయలు ఆరబోసే పట్టాను కోణంగా కత్తిరించి, అంచులు మడిచి, మిషను మీద కుట్టాను. మూడు సూదులు విరిగాయి. కుక్కరు, టీ గిన్నె, పులిహోర, దుప్పట్లు సర్దుకుని ఒక పొద్దున డ్యాముకు ఎగువన పడవ ఎక్కాం. ఆ రోజుల్లో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. తెరచాప ఎత్తగానే పడవ దానంతటదే ఎగువకు సాగిపోయింది. మా ఆయన చుక్కాని పట్టుకుని పెళ్ళికొడుకులాగా కూర్చున్నాడు.

జలాశయం నిండుగా ఉంది. కొండలు నడుము దాకా మునిగి, తలలు మాత్రం దిబ్బల్లాగా పైకి ఉన్నాయి. ఒడ్డు వెంట సీతాఫలం చెట్లు, ఎండుకొమ్మల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. ఎండెక్కేకొద్దీ నా తెరచాపలోంచి ఎండు మిరపకాయల ఘాటు వచ్చి ఇద్దరం తుమ్మాం. అవన్నీ బాగున్నాయని నాకు తెలుసు. తెలియడం వరకే, లోపలికి ఏదీ దిగలేదు. మధ్యాహ్నం నాకే ఒక అనుమానం వచ్చి, "పోయేటప్పుడు గాలి తోస్తంది సరే, వచ్చేటప్పుడో?" అని అడిగాను. ఆయన గాలి వచ్చే వైపు చాలాసేపు చూశాడు. ఇంజను మనిషి కదా, దేనికైనా రివర్సు గేరు ఉంటుందనే ధీమా. "తెడ్లున్నయ్‌గా" అన్నాడు నెమ్మదిగా. రెండు తెడ్లు, అరవై దాటిన ఒక మనిషి, మోకాళ్ళ నొప్పుల నేను. మామూలు రోజుల్లో అయితే అక్కడే ఒక పెద్ద తగాదా అయ్యేది. నేను పులిహోర పొట్లం విప్పాను.

పొద్దు వాలేసరికి ఒక దిబ్బ పక్కన ఆగాం. దిబ్బకు అవతల చేపలవాళ్ళ గుడిసెలు రెండున్నాయి. తెల్లారి లేచేసరికి నీళ్ళు కాస్త పెరిగి, ఒడ్డున ఆనించిన తెడ్డు ఒకటి తేలిపోయింది. కనిపించేంత దూరంలోనే ఊగుతోంది. "ఇప్పుడే పట్టుకొస్తా, టీ పెట్టు" అని, ఉన్న రెండో తెడ్డుతో పడవ తోసుకుంటూ పోయాడు. మూడు రాళ్ళు పెట్టి మంట చేసి తల ఎత్తేసరికి పొగమంచు దిగిపోయింది. పడవా లేదు, నీళ్ళూ లేవు, తెల్లగా అంతా ఒకటే. "ఏమే! ఒడ్డు ఎటుపక్కే?" అని ఆయన కేక వినిపించింది. ఒక్క తెడ్డుతో తెలియనివాడు వేస్తే పడవ గుండ్రంగా తిరుగుతుంది గానీ ముందుకు పోదు. పొద్దెక్కి గాలి లేచిందంటే ఆ పడవను నడి నీళ్ళలోకి తోసేస్తుంది, అందులో ఉన్నవాడికి ఈత రాదు. నేను గరిటెతో కంచం మోగించాను. ఆ చప్పుడు ఎదుటి కొండకు తగిలి అటునుంచీ వచ్చింది. ఈసారి ఆయన కేక ఇంకా దూరంగా వినిపించింది. చెయ్యి అలవాటు కొద్దీ ఫోను తీసి మిస్డ్ కాల్ ఇచ్చింది. అక్కడ సిగ్నల్ ఎక్కడిది? మొగుడు నీళ్ళ పాలవుతుంటే ఫోను నొక్కుతూ నిలబడ్డానని నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఏమయ్యా! ఏమయ్యో!" అని అరిచాను. మంచులోంచి ఎవరో చేపలాయన "ఏటమ్మా?" అని పలికాడు. మళ్ళీ అరిస్తే మళ్ళీ అతనే పలికాడు. ఈలోపు గుడిసెలోంచి ఒకావిడ పైట సర్దుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. "ఏటమ్మా, అయ్యా అయ్యా అంటే మావోడు పలుకుతున్నాడు. నీ మనిషిని నువ్వు రోజూ ఏమని పిలుస్తావో అలాగే పిలు. ఆ మాటైతేనే చెవి పట్టుకుంటాది" అంది. ఆవిడకేం తెలుసు? నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. అవతల నుంచి "ఏమే" అని వచ్చింది, ఈసారి బాగా సన్నగా. ఆ గొంతులో భయం ఉంది. ఆయన భయపడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన పేరైనా అందామని గట్టిగా ఊపిరి పీల్చాను. నోట్లోంచి వచ్చింది మాత్రం అది కాదు.

"రూతు నాన్నోయ్!"

తెడ్డు చప్పుడు ఆగిపోయింది. అంత మంచులో ఎక్కడా ఏ శబ్దమూ లేదు. పిలిచి చంపేశానేమో అనిపించింది. అప్పుడు, ఎంతసేపటికో, "ఆఁ" అని వినిపించింది. ఇరవై మూడేళ్ళు పలికిన ఆ పాత "ఆఁ." ఇక నేను ఆగలేదు. "రూతు నాన్నా, ఇటు! రూతు నాన్నా, ఇటు రా!" అని గొంతు పగిలేలా పిలిచాను. ఒక చెవి లేనివాడికి శబ్దం ఏ దిక్కునుంచి వస్తుందో పట్టుబడదట. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వినపడుతుంటే, తల అటూ ఇటూ తిప్పి, ఎటు తిప్పితే గట్టిగా ఉంటుందో చూసుకుంటూ వచ్చానని తర్వాత చెప్పాడు. నలభైసార్లు పిలిచానో, యాభైసార్లు పిలిచానో. పద్నాలుగు నెలలు ఇంట్లో ఎవరం ఎత్తని పేరును ఆ ఒక్క పొద్దున కొండలన్నీ విన్నాయి. ప్రతి పిలుపుకూ ఒక "ఆఁ" వచ్చింది, ప్రతిదీ ముందుదానికంటే దగ్గరగా వచ్చింది. చివరికి పడవ ముక్కు మంచులోంచి బయటపడి ఒడ్డు బురదలో గుచ్చుకుంది.

ఆయన దిగలేదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. మొహమంతా తడిసి ఉంది. అది మంచు తడి అని నేననుకోలేదు. "దిగు, టీ మరిగిపోయింది" అన్నాను. "ఇంకోసారి పిలువే" అన్నాడు. "వచ్చేశావుగా" అన్నాను. "వచ్చినా సరే, పిలువు" అన్నాడు. ఎదురుగా మూరెడు దూరంలో ఉన్న మనిషిని, "రూతు నాన్నా" అని మెల్లగా పిలిచాను. "ఆఁ" అన్నాడు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలికి తిమ్మిరి విడిచేటప్పుడు ఎంత బాధగా ఉంటుందో ఒళ్ళంతా అట్లా అయింది. నా బిడ్డ పోయిందని నాకు అప్పుడు తెలిసింది. బురదలో కూలబడి ఏడ్చాను. ఆ చేపలావిడ నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తేలిపోయిన తెడ్డు దొరకలేదు. ఇంజను వద్దని బయల్దేరినవాడు ఆ సాయంత్రం చేపలవాళ్ళ ఇంజను పడవకు మా పడవను తాడుతో కట్టించుకుని ఇంటికొచ్చాడు. దారంతా ఆ ఇంజను శబ్దం సరిగా లేదని సణుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు నేను ఆయన్ని మళ్ళీ దాని పేరుతోనే పిలుస్తున్నాను. అన్నానికీ, టీకీ, పోట్లాటకీ అదే పిలుపు. కాలమే మరిపిస్తుందని ఆనాడు అందరూ నాకు చెప్పారు. అదేమీ మరిపించలేదు. రూతుకు ఎప్పటికీ ఇరవై మూడే, దాని పేరు పట్టుకుని మేమిద్దరమే ముసలివాళ్ళమవుతున్నాం.