టేపు వేసిన తాళంచెవి

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు: పీణ్య ఆసుపత్రి నర్సక్కకు నిజం చెప్పింది నేనే.

మొన్న హూడి ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, కరెంటు పోయి వచ్చాక ఎక్కడో దూరాన ఉన్న లినక్స్ సర్వరు తన డిస్కు తాళం తానే తెరుచుకోవడం చూపించి మురిసిపోతుంటే నేను నవ్వలేకపోయాను. పాత కోపం మళ్లీ లేచింది.

పెన్‌డ్రైవులు కొత్తగా అందరి మెడల్లో వేలాడుతున్న రోజుల్లో నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఓ చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. మా సర్వరొకటి పీణ్యలో, ఫ్యాక్టరీ ఆడవాళ్లు వెళ్లే ఆసుపత్రిలో ఉండేది. బయటికి తెలిస్తే పనీ ఇల్లూ పోయే జబ్బుల వివరాలు, పేర్లతో సహా అందులో ఉండేవి కనుక డిస్కుకు తాళం వేశాం. కరెంటు పోయినప్పుడల్లా అది పాస్‌వర్డు అడుగుతూ ఆగిపోయేది. బస్సులు మారి, ఒళ్లో పుస్తకం పెట్టుకుని అంత దూరం వెళ్లి, ఆ పాస్‌వర్డు నేనే కొట్టి వచ్చేదాన్ని. కడప వైపు నుంచి వచ్చిన నర్సక్క నా కోసం ఫ్లాస్కులో టీ దాచేది.

తాళంచెవి మన ఆఫీసు మెషీన్లో ఉంచుదాం, సర్వరు లేవగానే నెట్‌వర్కు మీద అడిగి తెచ్చుకుంటుంది, ఎవరైనా ఎత్తుకుపోతే ఇవ్వడం ఆపేద్దాం అని, నలుగురిలో నోరు పెగలని నేను లేచి చెప్పాను. మేనేజరు చెవిన పెట్టలేదు. తాళంచెవిని పెన్‌డ్రైవులో వేయించి, ఆ సర్వరు వెనకాలే గుచ్చి, ఊడకుండా టేపు వేయించాడు.

"బిడమ్మా, వదిలెయ్! దొంగోనికి లినక్స్ వస్తుందా ఏమి?" అన్నాడు. అందరూ నవ్వారు.

దొంగకు ఏదీ రానక్కర్లేదు. ప్లగ్గు పెడితే డిస్కు దానంతటదే తెరుచుకుంటుంది.

ఆ వానాకాలం సర్వరును ఎవరో ఎత్తుకుపోయారు, టేపుతో సహా. డిస్కుకు తాళముంది, ఏమీ భయం లేదని మేనేజరు ఆసుపత్రికి ఫోనులో చెప్తుంటే పక్కనే నిలబడి విన్నాను. మర్నాడు సెలవు పెట్టి పీణ్య వెళ్లాను.

నేనన్న పద్ధతినే ఇప్పుడు ఊరంతా వాడుతోంది. సంతోషమే. మేనేజరు భద్రత మీద ఉపన్యాసాలిస్తున్నాడట. ఆ ఆడవాళ్లలో ఎవరెవరికి ఇల్లు వదిలి పోవలసి వచ్చిందో మాత్రం ఏ సభలోనూ ఎవరూ అడగరు. అది తలచుకుంటే ఈనాటికీ పళ్లు బిగుసుకుంటాయి.

ఆరోజు పీణ్యలో నేను చెప్పిందంతా విని నర్సక్క ఫ్లాస్కు మూత మళ్లీ బిగించి, ఫోను దగ్గరికి జరుపుకుంది.

"తాళం వేసినామని ఆ ఆడోళ్లకు చెప్పింది నా నోరేనమ్మా. లేదని చెప్పాల్సిందీ నా నోరే. నువ్వు పో, బస్సు వస్తాది."