రత్నకుమారి గారి గొంతులో సంచి

సింకు గొట్టంలో నీళ్లు గుడగుడమని దిగుతుంటే ఇప్పటికీ నాకు మా పెడనలోని గ్రంథాలయమే గుర్తొస్తుంది. అక్కడి లైబ్రేరియన్ రత్నకుమారి గారు ఏం మింగినా మెడలోంచి అదే చప్పుడు వచ్చేది. పదో తరగతి తప్పి కలంకారీ అద్దకంలో చేరిన నన్ను పాఠకుణ్ణి చేసింది ఆవిడే. ఆవిడది ఒక దిక్కుమాలిన నియమం. తీసుకెళ్లిన పుస్తకంలో ఏముందో సొంత మాటల్లో చెబితేగానీ రెండోది ఇచ్చేవారు కాదు. "ఇది పుస్తకం మాట. నీ మాటేదీ?" అని వెనక్కి పంపేసేవారు. రంగు చేతులతో ఆ బల్ల ముందు నిలబడి ఎన్నిసార్లు పళ్లు నూరుకున్నానో.

ఆవిడకి పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నం అలాగే నోట్లోకి తిరిగొచ్చేదట. అందుకని నలుగురిలో తినడం మానేశారు. చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు రోజు కూడా వంట దగ్గరే ఉండిపోయేవారు. మనిషి సగమయ్యారు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా కూడా వచ్చింది. విజయవాడ డాక్టరు చూసి, గొంతు వెనక, ఆహారనాళం మొదట్లో సంచి ఏర్పడిందనీ, అరుదైన జబ్బనీ, ఆపరేషన్ చేయకపోతే ప్రమాదమనీ చెప్పారు. "మెడ కోయించుకోవడం నా వల్ల కాదు" అని ఈవిడ బస్సెక్కి వచ్చేశారు.

నేను ఊరుకోలేదు. బందరులో పెద్ద గ్రంథాలయానికి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని వైద్యగ్రంథాలు తిరగేసి, వచ్చి గర్వంగా అప్పజెప్పాను. "దీన్ని డైవర్టిక్యులమ్ అంటారండీ. ఎండోస్కోపిక్ పద్ధతిలో సెప్టమ్‌ని విభజిస్తారు."

"పుస్తకం మాట."

"ప్రాణం మీదికొస్తే ఇప్పుడు కూడా పరీక్షలేనా మేడమ్?"

"అర్థంకాని దానికి మెడ ఎలా అప్పగిస్తానయ్యా?"

విసుగెత్తి, అడక్కుండానే ఆవిడ చేతిసంచి తీసి బల్ల మీద బోర్లించాను. అందులో రెండు అరలు. "ఈ పెద్ద అర మీ ఆహారనాళం. ఈ చిన్నది సంచి. తిన్నది ఇందులో పడి ఇరుక్కుంటోంది. మధ్యలో ఉన్న ఈ గుడ్డ కోసేస్తే రెండూ ఒకటే అర, ఇరుక్కునే చోటే ఉండదు. పరికరం నోట్లోంచే వెళ్తుంది, మెడ మీద గాటు పడదు. డాక్టరు చెప్పిందీ ఇదే, మీరు విననిదీ ఇదే."

ఆవిడ సంచిలో వేళ్లు పెట్టి ఆ గుడ్డని కాసేపు తడిమారు.

"ఇప్పుడు నీకు అర్థమైంది. ఎప్పుడు వెళ్దాం?"

నాకు అర్థమయ్యేదాకా ఆగారా ఈవిడ అని ఒళ్లు మండింది.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు జావ, ఆ తర్వాత మెత్తటి అన్నం. ఆ ఏడు ప్రేమవిందులో బంతి మధ్యలో కూర్చుని "ఇంకొంచెం వెయ్యి" అంటుంటే వడ్డిస్తున్నవాళ్లే ఆగి చూశారు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. మర్నాడు కొత్త పుస్తకం అడిగితే ఏమన్నారు? "నేను మత్తులో ఉన్నాను కదా. లోపల ఏం చేశారో చెప్పు, అప్పుడిస్తా." మళ్లీ మొదటినుంచీ చెప్పాను.

ఆవిడ పోయాక ఆ బల్ల దగ్గర ఎవరూ ఏమీ అడగడం లేదు. అయినా ఒక పుస్తకం మూశాక, అందులో ఏముందో ఎవరికో ఒకరికి చెబితేగానీ ఇంకోటి తెరవబుద్ధి కాదు. మా ఆవిడ సింకు దగ్గర గిన్నెలు తోముతూ వింటుంది. "నాకేం అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంటుంది. విసుక్కుంటూనే మొదలుపెడతాను.