ఖుర్సీపార్‌లో ‘చాలు’ అన్న మాట

మా వదిన నూకరత్నం ఉత్తరం రాయడమంటే ఏడాదికోసారి, అదీ నేను పంపిన చీర రంగు వెలిసిపోయిందని దెప్పడానికి. అలాంటి మనిషి దగ్గర్నుంచి, ఎనభైల మధ్యలో ఒక వేసవిలో, నాలుగే నాలుగు వాక్యాలతో ఇన్‌లాండ్ లెటరొచ్చింది. ‘మీ అన్నయ్య పోయిన నెల గ్యాస్ గొట్టంలో పడిపోయాడు. బయటికి లాగాక చాలాసేపటికి గాని తెలివి రాలేదు. ఈ శుక్రవారం మళ్ళీ దిగుతాడట. నా మాట వినడు, నువ్వు రా.’ చదివిన వెంటనే సెలవు పెట్టాను.

అప్పట్లో నేను విశాఖలో ఒక కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్ని. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసినవాటిని సిరాలోకి ఎక్కించడం నా పని. ఆ ఏడాది కొత్త రకం బొమ్మ ఒకటి వచ్చింది. దాన్ని బో టై అనేవారు, దొరలు మెడకు కట్టుకునే టై ఆకారంలో ఉంటుంది కాబట్టి. నడుమ ముడి దగ్గర జరగకూడని సంగతి రాస్తారు. ఎడమ రెక్కలో అది ఏయే కారణాల వల్ల జరగొచ్చో, కుడి రెక్కలో జరిగితే ఏం ముంచుకొస్తుందో రాస్తారు. ప్రతి గీత మీదా ఆపే అడ్డుల్ని చిన్న నిలువు గీతలుగా గీస్తారు. అడ్డు లేని గీత కనిపించిందా, ప్రమాదం ఆ దారినే వస్తుందన్నమాట. అలాంటివి పాతిక పైన గీశాను. మా అన్నయ్యకు ఒకటి గీసి చూపించకపోతే నా చదువెందుకు?

ఇప్పుడు భిలాయ్ వెళ్ళేవాళ్ళకు బోలెడు రైళ్ళున్నాయి. అప్పుడు నేనెక్కిన ప్యాసింజరు విశాఖలో మధ్యాహ్నం బయల్దేరి, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా మర్నాడు ఎనిమిదింటికి భిలాయ్ పవర్ హౌస్‌లో దించింది. దుర్గ్ దాకా పోవద్దు, ఖుర్సీపార్‌కు ఇదే దగ్గర. స్టేషన్ బయట రిక్షా అతను రెండు రూపాయలడిగాడు. నేను హిందీ కూడబలుక్కుంటుంటే నవ్వి, “ఏటమ్మా, శ్రీకాకుళమా? తెలుగులోనే సెప్పండి, ఇక్కడ సగం మంది మనోళ్ళే,” అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఆ రోజు గురువారం, మర్నాడే శుక్రవారం.

అన్నయ్య అప్పలనాయుడు పెద్ద ప్లాంటులో కాదు, ఖుర్సీపార్ అవతల ఒక చిన్న ప్రైవేటు పోతపని కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కడ బొగ్గు నుంచి గ్యాస్ తీసి, పెద్ద గొట్టం గుండా కొలిమికి పంపుతారు. గొట్టం కింద ఒక గదిలాంటిది ఉంటుంది, అందులో తారూ మసీ పేరుకుంటాయి. నెలకోసారి గ్యాస్ ఆపి, మనిషి దిగి గీకాలి. ఆ దిగే మనిషి మా అన్నయ్య.

మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, నన్ను చూసి, “ఏటే పైడీ, సెప్పా పెట్టకుండా దిగిపోనావు!” అన్నాడు. భోజనానికి కూర్చుంటే వదిన వడ్డిస్తూనే ఉంది, ఈయన “చాలు చాలు” అంటూనే ఉన్నాడు. “ఈ మనిషి చాలంటే నానెప్పుడు ఇన్నాను?” అని వదిన ఇంకో గరిటె వేసింది. ముగ్గురం నవ్వాం.

తిన్నాక ముగ్గుపిండి డబ్బా తెచ్చి, గుమ్మం ముందు సిమెంటు గచ్చు మీద బో టై గీశాను. ముడిలో ‘మనిషున్న చోటికి గ్యాస్’ అని రాశాను. ఒక్కో గీతా పట్టుకుని అడిగాను. లోపల పాత గ్యాస్ మిగిలితే? రెండు గంటలు ఫ్యాన్ పెడతారట. ఒక అడ్డు గీశాను. వాల్వు కారితే?

“పోయిన నెల అదే కదే అయినాది,” అన్నాడు. “వాల్వు పాతబడిపోనాది. ఇప్పుడు కొత్తది ఎయించినాం.”

ఇంకో అడ్డు. “మరి నువ్వు లోపలుండగా ఎవరైనా వాల్వు తిప్పేస్తే?”

“ఎవుడు తిప్పుతాడు? పైన బుధరామ్ ఉంటాడు. ఇదివరకు మన సిమ్మాచలం ఉండీవోడు, ఊరెల్లిపోనాడు. ఈడొచ్చి రెండు నెల్లయినాది. బంగారంలాంటి మనిషి. ఏటైనా అయితే నానరిత్తాను, ఆడింటాడు.”

ఆ గీత మీద ఏం గీయాలో తోచలేదు. అరుపు అడ్డెలా అవుతుంది? అలా అంటే అన్నయ్యకు కోపమొచ్చింది. “పన్నెండేళ్ళనుండి సేత్తన్నాను. ముగ్గులేసి నాకు పని నేర్పుతావేటే?” అని లేచిపోయాడు. గచ్చు మీద ఆ ఒక్క గీత ఖాళీగా ఉండిపోయింది. వదిన దాని వంకే చూస్తూ, “రేపు నువ్వూ ఎల్లమ్మా,” అంది.

పొద్దున్న ఏడింటికి, అన్నయ్య సణుగుతున్నా వినకుండా, వెంట వెళ్ళాను. మేనేజరు ఇంకా రాలేదు, అడ్డగించినవాళ్ళు లేరు. గ్యాస్ ఆపారు, ఫ్యాన్ రెండు గంటలు తిరిగింది. తొమ్మిదిన్నరకు అన్నయ్య నడుముకు తాడు కట్టుకుని దిగాడు. నేను ఇనుప మెట్లెక్కి వాల్వు దగ్గరికి పోయాను. అక్కడ్నుంచి కింది గది మూతి కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది.

బుధరామ్‌ది ఆ చుట్టుపక్కల పల్లే, యాభై ఏళ్ళుంటాయి. “బైఠో దీదీ,” అని తన స్టూలిచ్చాడు. నా వచ్చీరాని హిందీలో అడిగాను, లోపల్నుంచి అన్నయ్య అరిస్తే నువ్వేం చేస్తావని.

“అప్పల్ భయ్యా ‘చాలూ’ కహిథే, త ఖోల్ దేథౌఁ,” అన్నాడు, చేత్తో చక్రం తిప్పుతున్నట్టు చూపిస్తూ.

ఖోల్ అంటే తెరవడం. చాలు అంటే తెరవడమేమిటి? ఒక్క క్షణం అర్థం కాలేదు. మరుక్షణం వెలిగింది. మనకు చాలు అంటే ఇక ఆపమని, గీకింది చాలు, కాసేపు పైకొస్తున్నానని. హిందీలో చాలూ అంటే మొదలెట్టమని, గ్యాస్ వదలమని! మూతి కనిపించని బుధరామ్‌కు అన్నయ్య ఇంకా లోపలే ఉన్నాడని తెలిసేదెలా? సింహాచలం తెలుగువాడు కాబట్టి ఇన్నేళ్ళూ గడిచిపోయింది.

సరిగ్గా అప్పుడే కింద నుంచి అన్నయ్య గొంతు వినిపించింది. “చాలూ!”

బుధరామ్ లేచి చక్రం మీద చెయ్యి వేశాడు. చక్రం కిర్రుమంది. నేనెలా లేచానో తెలియదు, చక్రానికి అడ్డంపడి రెండు చేతులా వాటేసుకున్నాను. “మత్ ఖోలో! మత్ ఖోలో! అన్నయ్యా, బయటికి రా!” అని గొంతు చిరిగేలా అరిచాను. బుధరామ్ బిత్తరపోయి చేతులు పైకెత్తేశాడు.

నల్లగా మసి కొట్టుకుపోయి అన్నయ్య మెట్లెక్కి వచ్చాడు. “ఏటే, పిచ్చెక్కినాదేటి నీకు? చక్రమ్మీద పడుకున్నావు!”

చెప్పాను. నమ్మలేదు. బుధరామ్ వైపు తిరిగి, పోయిన నెల కూడా నేను ‘చాలు’ అంటేనే తిప్పావా అని హిందీలో అడిగాడు.

“హౌ భయ్యా,” అని తలూపాడు బుధరామ్. “ఆపే త కహే రహేవ్.” మీరే కదా అన్నారు, అని. అంటూండగానే తానేం చేశాడో అతనికీ తెలిసిపోయింది. అక్కడే కూలబడి, ముఖం కప్పుకుని ఏడ్చాడు. వాల్వుది తప్పు కాదు, అతనిదీ కాదు. అన్నయ్య అతని పక్కన చతికిలబడి, భుజం మీద మసి చెయ్యి వేశాడు.

తర్వాత రెంచీ తెప్పించి, వాల్వు చక్రం ఊడదీసి, చంకలో పెట్టుకుని, మిగిలిన మసి గీకడానికి మళ్ళీ లోపలికి దిగాడు. చక్రం తన దగ్గరుంటే పైన ఎవరూ తెరవలేరు. అప్పటినుంచి అక్కడ అదే పద్ధతి అయింది. ఇంటికెళ్ళాక గచ్చు మీది ఖాళీ గీత మీద అడ్డు తనే గీశాడు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఎన్ని బో టైలు గీసినా, మేజా ముందు కూర్చుని గీసినవాటిలో ఈ ‘చాలు’ ఎప్పటికీ దొరికేది కాదనే అనుకుంటాను. మీరూ ఇలాంటి పని మీద ఏ కార్ఖానాకైనా వెళితే, నేను చెప్పగలిగేది ఒక్కటే. అరిచేవాడిని అడిగి ఊరుకోకండి, వినేవాడి దగ్గరికి వెళ్ళి, ఆ మాట వింటే ఏం చేస్తావో చేసి చూపించమనండి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి భోజనానికి కూర్చున్నాం. వదిన అన్నం వడ్డిస్తోంది. కంచం నిండుతున్నా అన్నయ్య మాట్లాడలేదు. వదిన గరిటె ఆపి, “ఏటి, చాలనవేటి?” అంది. అన్నయ్య తల వంచుకుని, ఎంత కడిగినా మసి వదలని చెయ్యి కంచం మీద అడ్డంగా పెట్టాడు.